కొత్త జిప్సం గోడ నిండా బీటలు: పైన లప్పం పెడితే చాలా, మొత్తం విప్పాలా?

వడ్డేపల్లి_వాసి, హన్మకొండ

అందరికీ నమస్కారం. మాది వడ్డేపల్లి చెరువు వైపు, మొదటి అంతస్తు ఇల్లు. హాలు బాగా పొడవుగా ఉంటే మధ్యలో జిప్సం బోర్డు గోడ పెట్టించి మా అత్తయ్యకు ఒక గది చేశాం. ఆ గదికి ఫాల్స్ సీలింగ్ కూడా వేయించాం. హైదరాబాద్ నుంచి వచ్చిన కాంట్రాక్టరు చేసిన పని. సంక్రాంతి నాటికి రంగులతో సహా పూర్తయింది, చూడటానికి ముచ్చటగా ఉండేది.

ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. గోడ మీద నాలుగేసి అడుగులకు ఒక నిలువు బీట. మనిషి తల ఎత్తున గోడ పొడవునా అడ్డంగా ఇంకొకటి. తలుపు పై మూల నుంచి ఏటవాలుగా మరొకటి. సీలింగ్‌లో స్క్రూ తలలు రంగును నెట్టుకుని బయటికి పొడుచుకొచ్చాయి, మధ్యలో కొంచెం కిందికి జారినట్టూ కనిపిస్తోంది. గచ్చు దగ్గర బోర్డు ఉబ్బిపోయి, వేలితో నొక్కితే పిండి రాలుతోంది.

ఫోటోలు పంపితే కాంట్రాక్టరు "కొత్త గోడకు ఇది మామూలే, లప్పం పెట్టి రంగు కొడితే పోతుంది" అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఇంకో మనిషిని పిలిపిస్తే మొత్తం పీకేసి మళ్లీ కట్టాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. అత్తయ్య ఆ సీలింగ్ కిందే పడుకుంటున్నారు, నాకు ముందు ఆ భయం పట్టుకుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_రైల్వే, కాజీపేట

అమ్మా, అట్ట గోడలు మన ఊళ్లకు పనికిరావని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను. మే నెల ఎండ, ఆ వెంటనే ముసురు. వీటికి తట్టుకునేది ఇటుక గోడే. పీకించేసి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టించండి. మా క్వార్టర్స్ గోడలు ఎన్ని ఏళ్లయినా చెక్కుచెదరలేదు.

ఫ్రేము_మేస్త్రీ, కరీంనగర్

వడ్డేపల్లి మేడమ్ గారూ, నేను ఈ బోర్డు పనే చేస్తాను. మీరు రాసిన తీరు చూస్తేనే సగం సంగతి తెలుస్తోంది. బీట ఎక్కడ వచ్చింది, ఏ దిక్కున పోయింది అన్నదే అసలు సాక్ష్యం.

నాలుగేసి అడుగులకు నిలువు బీట అంటే అది బోర్డుకూ బోర్డుకూ మధ్య సందు. బోర్డు వెడల్పు 4 అడుగులు. ఆ సందు మీద అతికే టేపు వేయకుండా పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) నింపి రుద్దేసి ఉంటారు. పీఓపీ నిమిషాల్లో గట్టిపడుతుంది, పని తొందరగా తెములుతుంది, అందుకే వాడతారు. కానీ అది పెళుసు. బోర్డు రవ్వంత కదిలితే చిట్లుతుంది.

తల ఎత్తున అడ్డ బీట అంటే సీలింగ్‌కు వాడే 6 అడుగుల బోర్డులే గోడకూ వాడారు. గోడకు పొడవు బోర్డులు దొరుకుతాయి. 6 అడుగులవే వాడాల్సి వస్తే అడ్డ సందులన్నీ ఒకే వరసలో రాకుండా ఒకటి కింద, ఒకటి పైన వచ్చేలా పేర్చాలి, ప్రతి అడ్డ సందు వెనకా ఒక ఛానెల్ (మడిచిన ఇనుప రేకు పట్టీ) ముక్క ఉండాలి. మీ దగ్గర ఆ రెండూ జరిగినట్టు లేదు.

తలుపు మూల బీటకు కారణం బోర్డు కోత. తలుపు దగ్గర బోర్డును ఎల్ ఆకారంలో కోసి మూలను చుట్టి తీసుకుపోవాలి. సరిగ్గా తలుపు అంచు మీదికి సందు వచ్చిందంటే, తలుపు వేసిన ప్రతిసారీ ఆ అదురు సందుకే తగులుతుంది.

ఇప్పుడు ఒక పని చేయండి. ఒక గట్టి అయస్కాంతం తీసుకోండి, పాత స్పీకరులోదైనా సరే. గోడకు ఆనించి మెల్లగా అడ్డంగా జరపండి. స్క్రూ ఉన్నచోట పట్టి ఆగుతుంది. అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టి మళ్లీ జరపండి. చుక్కలన్నీ నిలువు వరసలుగా వస్తాయి. ఒక్కో వరస వెనక ఒక స్టడ్, అంటే బోర్డును పట్టి నిలిపే నిలువు ఇనుప ఛానెల్, ఉన్నట్టు. వరసకూ వరసకూ మధ్య దూరం 2 అడుగులు, అంటే 610 మిల్లీమీటర్లు దాటకూడదు. బోర్డు 4 అడుగులు కాబట్టి రెండు అంచులూ, నడుమూ స్టడ్ మీద కూర్చుంటాయి. లెక్క తప్పితే బోర్డు అంచు గాల్లో ఉన్నట్టే. ఏదీ విప్పకుండానే ఇంతవరకు తెలిసిపోతుంది. కొలతలు ఇక్కడ రాయండి.

సివిల్_సైట్, హన్మకొండ

కాజీపేట పెద్దాయన మాటకు ఒక చిన్న సవరణ, గౌరవంతోనే. ఇది మొదటి అంతస్తు హాలు మధ్య. కింద దూలం ఉందో లేదో మనకు తెలియదు. 10 అడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూతతో, మీటరు పొడవుకు 700 కిలోల పైనే తూగుతుంది. జిప్సం పార్టిషన్ అందులో పదో వంతు. స్లాబు డిజైను చూడకుండా దాని నడుమ ఇటుక గోడ ఎక్కించమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఆ బరువుకు స్లాబు వంగితే కింది ఇంటి కప్పుకూ బీటలు వస్తాయి.

మేడమ్, ముందు సీలింగ్ సంగతి. ఒక 6 అడుగుల జిప్సం బోర్డు దాదాపు 20 కిలోలు ఉంటుంది. ఈ రాత్రి నుంచే అత్తయ్య గారి మంచం వేరే గదిలోకి మార్చండి. తర్వాత మెయిన్ ఆపేసి సీలింగ్‌లోని ఒక లైటు కిందికి లాగండి. ఆ రంధ్రంలోంచి ఫోను పైకి పెట్టి, టార్చి వేసి, చుట్టూ తిప్పుతూ వీడియో తీయండి. స్లాబుకు వేలాడే పట్టీలు దేనితో బిగించారు, వాటి మధ్య దూరం ఎంత, స్లాబు అడుగున తడి మరకలు ఉన్నాయా, వైర్లు పైపులో ఉన్నాయా అన్నవి అందులో కనిపించాలి.

జగిత్యాల_గృహిణి

మేడమ్, గచ్చు దగ్గర ఉబ్బింది అన్నారు కదా, ఆ గోడ పక్కన కూలర్ పెట్టారా? మన దగ్గర మార్చి నుంచి జూన్ వరకు కూలర్ లేని ఇల్లు లేదు. కూలర్ కింద ఎప్పుడూ ఎంతో కొంత నీరు కారుతూనే ఉంటుంది. మా తమ్ముడి దుకాణంలో బోర్డు గోడ అలాగే కింద నుంచి అడుగు ఎత్తు వరకు మెత్తబడింది. ఇల్లు తుడిచే నీళ్లు కూడా తక్కువేమీ కాదు.

వడ్డేపల్లి_వాసి, హన్మకొండ

అందరికీ కృతజ్ఞతలు. మంచం నిన్ననే మార్చేశాం. కూలర్ ఆ గోడకే ఆనుకుని ఉంది, జగిత్యాల అక్క సరిగ్గా చెప్పారు. ఇప్పుడు తీసేశాం.

అయస్కాంతం జరిపి చూశాం. వరసకూ వరసకూ మధ్య 3 అడుగులు, ఒకచోట ఇంకా ఎక్కువే. నిలువు బీటల్లో చాలావాటి కింద అయస్కాంతం పట్టనే లేదు.

లైటు రంధ్రంలోంచి వీడియో తీసి మా మరిది చూపించాడు. స్లాబుకు రంధ్రం వేసి అందులో చెక్క ముక్క దిగ్గొట్టి, ఆ చెక్కకు మేకు కొట్టి పట్టీ తగిలించారు. రెండు మూడు చోట్ల మేకు సగం బయటికి వచ్చేసి ఉంది. ఇనుప సెక్షన్ల మధ్య దూరం కంటికి రెండున్నర అడుగుల పైనే కనిపిస్తోంది. వైర్లు పైపు లేకుండా ఊరికే బోర్డు మీద పడి ఉన్నాయి. తడి మరకలు మాత్రం కనిపించలేదు.

ఫ్రేము_మేస్త్రీ, కరీంనగర్

మేడమ్, నా మాట కటువుగా ఉన్నా వినండి. సీలింగ్ దించేయాల్సిందే. చెక్క ముక్కకు మేకు కొట్టి వేలాడదీసిన దానికి మరమ్మతు లేదు. చెక్క ఎండేకొద్దీ కుంచించుకుపోయి మేకును వదిలేస్తుంది, మీ వీడియోలో కనిపించింది అదే. స్లాబులో లోహపు యాంకరు వేసి, క్లీటు (ఎల్ ఆకారపు చిన్న ఇనుప ముక్క) బిగించి, దానికి పట్టీ తగిలించాలి. పట్టీలు 4 అడుగులకు ఒకటి. ఆ పట్టీలకు ఇంటర్మీడియట్ ఛానెల్, దాని కింద అడ్డంగా సీలింగ్ సెక్షన్లు ఒకటిన్నర అడుగుకు, అంటే 457 మిల్లీమీటర్లకు ఒకటి. రెండున్నర అడుగుల దూరంలో వేస్తే బోర్డు తన బరువుకే మధ్యలో జారుతుంది. మీకు జారినట్టు కనిపించింది అందుకే.

గోడ సంగతి వేరు. గోడను మొత్తం పడగొట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ఒక బోర్డు విప్పి లోపల చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను.

కోర్టు_గుమ్మం, వరంగల్

విప్పే ముందు ఆగండి మేడమ్! ఒక్క స్క్రూ తీసినా సాక్ష్యం మారిపోతుంది. రేపు కాంట్రాక్టరు "మీరే పాడుచేశారు" అంటే జవాబు ఉండాలి.

ముందు ప్రతి బీటకూ టేపు కొలత ఆనించి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. అయస్కాంతంతో పెట్టిన చుక్కలను అలాగే ఉంచి గోడ మొత్తం వచ్చేలా ఒక ఫోటో తీయండి. సీలింగ్ వీడియో ఎక్కడైనా భద్రపరచండి. కొటేషను, చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సందేశాలు, ముఖ్యంగా "లప్పం పెడితే పోతుంది" అన్న జవాబు, ఏదీ చెరిపేయకండి. తర్వాత రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. లోపాలు ఇవీ, ఫలానా తేదీలోగా వచ్చి సరిచేయండి, లేకపోతే వేరేవారితో చేయించుకుని ఖర్చు మీ నుంచి రాబట్టుకుంటాం అని. సరిచేసే అవకాశం ఇచ్చినట్టు కాగితం మీద ఉండాలి. గడువు దాటాక, ఆయనకు సంబంధం లేని ఒక ఇంజినీరుతో పరిశీలన నివేదిక రాయించి, అప్పుడు విప్పండి. సీలింగ్ ప్రమాదంగా ఉంది కాబట్టి అది వెంటనే దించినా ఎవరూ తప్పుపట్టరు, కానీ దించుతున్నప్పుడు వీడియో తీయించండి, ఆ చెక్క ముక్కలు, మేకులు ఒక సంచిలో దాచండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం గృహ నిర్మాణం కూడా సేవే, సేవాలోపానికి పరిహారం అడగవచ్చు. కాంట్రాక్టరు హైదరాబాద్ వాడైనా మీరు అక్కడికి పోనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట కూడా కేసు వేసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. కేసు కంటే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి నమోదు చేయించండి, ఖర్చు లేని పని.

రిటైర్డ్_రైల్వే, కాజీపేట

ఇటుక గోడ బరువు లెక్క చెప్పినందుకు సివిల్ వారికి ధన్యవాదాలు. అయినా ఒక్క మాట అడుగుతాను. ఇంత తతంగం ఉన్న గోడను సరిగ్గా కట్టే మనిషి మన ఊళ్లో ఎక్కడ దొరుకుతాడు? పీఓపీ పనివాళ్లే బోర్డు పనీ చేస్తున్నారు. పని నేర్పేవాడు లేడు, చూసేవాడు లేడు. ఇటుక పని అయితే గుండు కట్టి గోడ తిన్నగా ఉందో లేదో ఇంటివాడే చూసుకోగలడు.

ఫ్రేము_మేస్త్రీ, కరీంనగర్

పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నాకూ ఆ బాధ ఉంది. చదరపు అడుగుకు ఇంత అని ధర తగ్గించి పని పట్టేవాళ్లు ఇనుములో కోత పెడతారు, ఎందుకంటే బోర్డు మూసేశాక ఇనుము ఎవరికీ కనబడదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. ఫ్రేము పూర్తయ్యాక ఇంటివాళ్లు వచ్చి టేపు పట్టుకుని కొలిచే వరకు బోర్డు ఎక్కించనివ్వకండి. కొలవడానికి చదువేమీ అక్కర్లేదు. గోడ స్టడ్‌కూ స్టడ్‌కూ 2 అడుగులు, సీలింగ్ సెక్షన్‌కూ సెక్షన్‌కూ ఒకటిన్నర అడుగు. బోర్డు వెనక ఐఎస్ 2095 (జిప్సం బోర్డుల భారతీయ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూడండి. మందం 12.5 మిల్లీమీటర్లు. ఇంతవరకు ఇంటివాళ్లు చూసుకోగలరు.

వడ్డేపల్లి_వాసి, హన్మకొండ

కోర్టు_గుమ్మం గారు చెప్పినట్టే నోటీసు పంపాం. జవాబు రాలేదు, గడువు దాటిపోయింది. తెలిసిన ఇంజినీరు గారు వచ్చి అన్నీ చూసి నివేదిక ఇచ్చారు. సీలింగ్ దించేశాం. దించుతున్నప్పుడు ఒక పట్టీ చేత్తో లాగితేనే ఊడి వచ్చింది, అది చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

గోడకు హాలు వైపు ఒక బోర్డు విప్పాం. లోపల చూసినవి రాస్తాను. సందుల్లో టేపు లేదు, కాగితపుదీ లేదు, జాలీదీ లేదు, అంతా తెల్లటి పీఓపీ. స్క్రూలు చాలావరకు బోర్డు కాగితాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోయాయి. కింది ఛానెల్ గచ్చుకు రెండు చివర్లా మాత్రమే బిగించి ఉంది, మధ్యలో చేత్తో కదిపితే కదులుతోంది. బోర్డు నేరుగా గచ్చు మీదే కూర్చుంది. స్టడ్‌లు పై ఛానెల్‌లోకి బిర్రుగా దిగ్గొట్టి ఉన్నాయి. స్విచ్ బోర్డుకు పోయే వైరు స్టడ్ రంధ్రంలోంచి ఊరికే పోయింది, ఒకచోట పై తొడుగు చీరుకుపోయి రాగి కనిపిస్తోంది.

సివిల్_సైట్, హన్మకొండ

వైరు సంగతి అన్నింటికంటే ముందు. ఆ లైను ఎంసీబీ ఆపేసి అలాగే ఉంచండి, ఎలక్ట్రీషియను వచ్చి వైరు మార్చి పైపులో వేసే దాకా వేయకండి. స్టడ్ రంధ్రం అంచు కత్తి. రాగి ఆ ఇనుముకు తగిలితే ఫ్రేము మొత్తానికి కరెంటు వస్తుంది, గోడకు బిగించిన ఏ స్క్రూ ముట్టుకున్నా షాకే. మీ ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఈ పనితో పాటే పెట్టించండి.

స్టడ్‌లు బిర్రుగా దిగ్గొట్టడం గురించి. మీ పైన డాబాయే కదా? మే నెలలో స్లాబు పగలంతా కాగి, రాత్రి చల్లబడుతూ కొంచెం కదులుతుంది. స్టడ్‌ను పై ఛానెల్ అడుగుకు తగలకుండా రవ్వంత పొట్టిగా కోసేది ఆ కదలిక కోసమే. చోటు లేకపోతే స్లాబు కదిలిన ప్రతిసారీ గోడను నొక్కుతుంది. ఎండలు ముదిరినప్పుడే బీటలు కనిపించడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను.

ఫ్రేము_మేస్త్రీ, కరీంనగర్

ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. గోడ మొత్తం పీకనక్కర్లేదు. హాలు వైపు బోర్డులన్నీ విప్పండి, అత్తయ్య గారి గది వైపువి అలాగే ఉండనివ్వండి. ఒక వైపు తెరిస్తే ఫ్రేము మొత్తం చేతికి అందుతుంది.

మొదట కింది ఛానెల్‌ను గచ్చుకు 2 అడుగులకు ఒకటి చొప్పున ప్లగ్గులు వేసి బిగించాలి. పాత స్టడ్‌ల పై చివర కొంచెం కోసి పైన చోటు వదలాలి. తర్వాత 2 అడుగుల లెక్కకు కొత్త స్టడ్‌లు చేర్చాలి, ప్రతి బోర్డు అంచూ ఒక స్టడ్ నడిమి మీద పడేలా. రెండు వైపుల సందులూ ఒకే స్టడ్ మీదికి రాకూడదు, ఒక వైపు సందు ఉన్నచోట రెండో వైపు బోర్డు నడుమ రావాలి. తలుపుకు రెండు పక్కలా స్టడ్ లోపల చెక్క దూలం దూర్చి బిగించండి, లేకపోతే తలుపు అదురు ఆగదు. గది వైపు అడ్డ సందు వెనక ఛానెల్ ముక్కలు పెట్టి, అవతలి నుంచి స్క్రూలు వేయించండి. ఇదంతా అయ్యాక గది వైపు బోర్డులను కూడా కొత్త స్టడ్‌లకు బిగించాలి.

కాగితం చీల్చుకుని పోయిన పాత స్క్రూ దేన్నీ పట్టుకోదు. దాన్ని తీసేసి, ఒకటిన్నర అంగుళం ఎడంగా కొత్తది వేయాలి. స్క్రూ తల బోర్డు కాగితాన్ని నొక్కి గుంట చేయాలి గానీ చీల్చకూడదు. పని మొత్తానికి ఇది ప్రాణం. డ్రిల్లింగ్ మిషను పూర్తి వేగంతో తిప్పి కొట్టేవాడి చేతిలో ఇది రాదు, లోతు చూసుకుని ఆగే బిట్టు ఉంటుంది, అది వాడమనండి. సీలింగ్‌లో స్క్రూలు 9 అంగుళాలకు ఒకటి, గోడకు అడుగుకు ఒకటి. అంచుకు మరీ దగ్గరగా వేస్తే బోర్డు నలిగిపోతుంది.

కింద మెత్తబడిన భాగం ఆరినా తిరిగి గట్టిపడదు. గది వైపు కూడా వేలితో నొక్కుతూ పోయి, గట్టిగా తగిలే చోటు దాటి ఇంకొంచెం పైకి తిన్నగా గీత గీసి కోసేయండి. అక్కడ తేమను తట్టుకునే ఆకుపచ్చ కాగితం బోర్డు వేయించండి. గచ్చుకూ బోర్డుకూ మధ్య 10 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ ఆ ఖాళీని కప్పేస్తుంది. ఒక సంగతి మాత్రం మరిచిపోకండి, ఆకుపచ్చ బోర్డు తేమనే తట్టుకుంటుంది. కూలర్ నీళ్లు నిలిస్తే అదీ పోతుంది.

నిర్మల్_టీచర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఫ్రేము బాగానే ఉంది, అయస్కాంతంతో చూశాను, 2 అడుగులే. సందులు మాత్రం బీటలు వారాయి. దుకాణంలో జాలీ టేపు ఇచ్చారు, దానంతట అదే అతుక్కుంటుందట. బీట మీద అది అంటించి లప్పం పూస్తే చాలా?

రంగుల_పని, మంచిర్యాల

టీచర్ గారూ, బీట మీద అంటిస్తే చాలదు. పాత పీఓపీ ఉన్నంతకాలం దాని మీద ఏది అంటించినా అదే బీట మళ్లీ పైకి వస్తుంది. పాత పని మీదే లప్పం పెట్టి రంగు వేయమని నన్ను పిలిచిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు అలాంటి పని ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే ఆరు నెలలకు తిట్లు పడేది రంగు వేసినవాడికే.

సందులోని పీఓపీని కత్తితో పూర్తిగా గీకేయండి. దుమ్ము కుంచెతో దులిపి, కాగితం చీరి లోపలి గోధుమ రంగు పొర కనిపించే చోట ప్రైమరు పూసి ఆరనివ్వండి. లేకపోతే ఆ పొర తడి పీల్చుకుని పొంగుతుంది. సందును జాయింటు కాంపౌండుతో (బోర్డు సందులకే వాడే ముద్ద) నింపి, పైన మరో పలుచటి పూత వేసి, అది తడిగా ఉండగానే కాగితపు టేపును సందు నడిమి మీద పరిచి, గరిటెతో పై నుంచి కిందికి ఒత్తుతూ లాగండి. టేపు కింద నుంచి మిగులు కాంపౌండు రెండు పక్కలా బయటికి రావాలి. అలా రాకపోతే కింద సరిపడా లేదని అర్థం, రేపు అక్కడే టేపు పొంగుతుంది. పూర్తిగా ఆరాక రెండో పూత 8 అంగుళాల వెడల్పున, అదీ ఆరాక మూడోది అడుగు వెడల్పున, అంచులు సన్నబడేలా. ముసురు రోజుల్లో ఒక రోజు ఆరేది రెండు రోజులు పట్టవచ్చు. తొందరపెట్టి హీటరు గానీ కూలరు గానీ పెట్టకండి.

జాలీ టేపు చెడ్డది కాదు. దానికి నీళ్లు కలిపితే గట్టిపడే రకం కాంపౌండు వాడాలి, డబ్బాలో తయారుగా వచ్చే మెత్తటిది దాని మీద బలంగా ఉండదు. నా మటుకు నేను సందులకు కాగితపు టేపే వాడతాను.

మేడమ్, మీకు కూడా ఒక మాట. తెల్ల సిమెంటు లప్పం బోర్డు మీద వద్దు, కాగితాన్ని సరిగా పట్టుకోదు. అక్రిలిక్ లప్పం పలుచగా వేయించండి. రుద్దడం అయ్యాక గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వేయండి. పగలు కంటికి కనబడని ప్రతి గుంటా, ప్రతి గీతా నీడ పడి కనిపిస్తుంది. పెన్సిలుతో చుట్టూ గీసి వాటినే మళ్లీ సరిచేయించండి. ప్రైమరు వేశాక ఇంకోసారి అలాగే చూడండి. మెరుపు రంగు తీసుకోకండి, మెరుపు లేనిది లోపాలను అంతగా చూపదు. రుద్దేటప్పుడు అందరూ ముక్కుకు మాస్కు కట్టుకోండి, అత్తయ్య గారిని ఆ రోజులు పక్కింట్లో ఉంచినా మంచిదే.

సివిల్_సైట్, హన్మకొండ

ఒకటి కలుపుతాను. బోర్డు గోడ వచ్చి పాత ఇటుక గోడకు తగిలే మూల, స్లాబుకు తగిలే పై అంచు, ఈ రెండు చోట్లా పీఓపీ గానీ లప్పం గానీ పెట్టకండి. రెండు వేరు వేరు గోడలు వేరు వేరుగా కదులుతాయి. అక్కడ సాగే గుణం ఉన్న అక్రిలిక్ సీలెంటు నింపాలి. మీ కొత్త సీలింగ్ అంచులకూ ఇదే వర్తిస్తుంది. సీలింగ్ మూసే ముందు డాబా మీద ఒక రోజంతా నీళ్లు నిలిపి, స్లాబు అడుగున తడి దిగుతుందేమో చూడండి. ఇప్పుడు మరకలు లేవంటే ఈ ఏడు ఇంకా గట్టి వాన పడలేదు కాబట్టి కావచ్చు.

రిటైర్డ్_రైల్వే, కాజీపేట

ఇదంతా చదివాక నా అభిప్రాయం కొంత మారింది. మా అబ్బాయి హంటర్ రోడ్డు వైపు ఫ్లాటులో ఇలాంటి గోడే పెట్టిస్తానంటున్నాడు. ఫ్రేము అయ్యాక నేనే టేపు పట్టుకుని వెళతాను.

వడ్డేపల్లి_వాసి, హన్మకొండ

హాలు వైపు విప్పడం పూర్తయింది, కొత్త స్టడ్‌లు రేపు వస్తాయి. మేస్త్రీ గారు చెప్పిన కొలతలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించాను, పనివాళ్లు కూడా అదే చూసి చేస్తామన్నారు. ఫిర్యాదు కాగితాలు సిద్ధమవుతున్నాయి. మా మరిది 1915కు ఫోను చేసి నమోదు చేయించాడు.

ఇంకో సందేహం. అత్తయ్యకు ఆ గోడకే దేవుడి పటాల గూడు కావాలి, చెక్కది, కొంచెం బరువుంటుంది. గది వైపు గోడకు తగిలించవచ్చా? ఫ్యాను గురించి కూడా చెప్పండి.

ఫ్రేము_మేస్త్రీ, కరీంనగర్

ఫ్యాను ఎప్పుడూ స్లాబు కొక్కేనికే వేలాడాలి. సీలింగ్ బోర్డుకు గానీ దాని సెక్షనుకు గానీ ఫ్యాను బరువు చుక్క కూడా పడకూడదు. రాడ్డు పోయేచోట బోర్డులో రంధ్రం వదులుగా కోయించండి, రాడ్డు తగిలితే అదురుకు చుట్టూ బీటలు వస్తాయి.

గూడు తగిలించవచ్చు, దానికి ఇదే సమయం. బోర్డుకు నేరుగా బిగిస్తే నిలవదు. రెండు స్టడ్‌ల మధ్య ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్క, అడుగు వెడల్పుది, గది వైపు బోర్డుకు వెనక నుంచి ఆనించి, రెండు చివర్లా స్టడ్‌లకు గట్టిగా బిగించండి. గూడు స్క్రూలు బోర్డు దాటి ఆ ప్లైవుడ్‌లోకి దిగుతాయి. కర్టెను రాడ్డు, టీవీ, అద్దం, ఏది తగిలించే ఆలోచన ఉన్నా వాటన్నింటి వెనకా ఇప్పుడే ముక్కలు పెట్టించేయండి. పటాల గూడు ఎంత ఎత్తున ఉండాలో అత్తయ్య గారినే గోడ దగ్గర నిలబెట్టి, చేయి హాయిగా అందేచోట పెన్సిలుతో గుర్తు పెట్టించండి. గచ్చు నుంచి ఆ కొలత తీసుకుని స్టడ్ మీద రాసి, ఒక ఫోటో తీసి ఉంచుకోండి. బోర్డు మూసేశాక ప్లైవుడ్ ఎక్కడుందో చెప్పేది ఆ ఫోటోనే.